ఆలస్యమైన పదోన్నతి, దిద్దిన తేదీ



ఉద్యోగ హక్కుల గురించి మాట్లాడమని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. రిజర్వేషన్ల గురించో, నియామకాల గురించో చెబుతామని వారు అనుకొని ఉండవచ్చు. ఆ విషయాలను మాకంటే బాగా చెప్పగలిగినవారు ఈ వేదికపైనే ఉన్నారు. మేము ముప్పైమూడేళ్ళు ఒక ప్రభుత్వ కార్యాలయంలో, సిబ్బంది విభాగంలో, గుమాస్తా పని చేసి విరమించినవాళ్ళం. మా చేతుల మీదుగా నడిచినవి సర్వీసు రిజిస్టర్లు, సీనియారిటీ జాబితాలు, ఇంక్రిమెంటు కాగితాలు. అందువల్ల మాకు బాగా తెలిసిన చిన్న విషయాన్నే ఎంచుకున్నాము. అది తేదీ. ఒక ఉద్యోగి పదోన్నతి ఏ రోజు నుండి అమలులోకి వచ్చినట్లు లెక్క అనే ఆ ఒక్క వాక్యం. దానిని ఒక సైనికాధికారి అనుభవం ఆధారంగా మీ ముందు పెడతాము.

మన సభల్లో సాధారణంగా ప్రవేశం గురించే మాట్లాడుకుంటాము. ఎంతమంది ఉద్యోగాల్లో చేరారు, ఎంతమంది చేరలేకపోయారు అన్నదే మన లెక్క. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చినప్పుడు ఐఏఎస్‌లో ముస్లింలు 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం అన్న అంకెలు ఇంటింటా వినిపించాయి. వినిపించవలసినవే. కాని లోపలికి వెళ్ళిన ఆ కొద్దిమంది ఏ తేదీన పై మెట్టు ఎక్కారు, ఎక్కవలసిన తేదీకే ఎక్కారా అని అడిగేవారు అరుదు. లోపల ఉన్నవాడు సుఖంగా ఉన్నాడని బయట ఉన్నవాళ్ళ నమ్మకం.

మేము చెప్పబోయే అధికారి మా పట్టణంవాడు. తండ్రి బస్టాండు ఎదుట సైకిలు దుకాణం నడిపాడు. మాకు చిన్ననాటి స్నేహితుడు. కొడుకు సైన్యంలో కమిషన్ పొంది యూనిఫారంలో ఇంటికి వచ్చిన రోజున ఆ దుకాణం మూసి వీధి వీధంతా తిప్పి చూపించాడు. అటువంటి మనిషి కొన్నేళ్ళ తరువాత ఒక సాయంత్రం ప్లాస్టిక్ కవరు నిండా కాగితాలతో మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. టీ కూడా ముట్టలేదు.

“భాయ్, మా వాడిని ఆపేశారు. పేరు చూసి ఆపేశారు. వాడు నోరు విప్పడు. నువ్వు కాగితాలు చదివినవాడివి కదా, చూడు” అన్నాడు.

చూశాము. అంతకు ముందు మీకు ఒక నియమం చెప్పాలి. మన సైన్యంలో అధికారికి మొదటి కొన్ని హోదాలు కాలాన్ని బట్టి వస్తాయి. 2004 డిసెంబరు 16 నుండి అమలైన పద్ధతి ప్రకారం, లెక్కకు వచ్చే సర్వీసు రెండేళ్ళు నిండితే కెప్టెన్, ఆరేళ్ళు నిండితే మేజర్, పదమూడేళ్ళు నిండితే లెఫ్టినెంట్ కల్నల్. కల్నల్ నుండి పైకి ఎంపిక బోర్డు ద్వారానే ప్రధానంగా వెళ్ళాలి. అయితే కాలం నిండినంత మాత్రాన చాలదు. మేజర్ కావడానికి పార్ట్ బి అనే పరీక్ష, లెఫ్టినెంట్ కల్నల్ కావడానికి పార్ట్ డి అనే పరీక్ష ఉత్తీర్ణులై ఉండాలి. అధికారి జీవితంలో జరిగే ప్రతి ముఖ్యమైన సంగతిని, పెళ్ళయినా, పరీక్ష అయినా, బదిలీ అయినా, అతని యూనిట్ పార్ట్ టూ ఆర్డర్ అనే ఉత్తర్వుగా ప్రచురించి పైకి పంపుతుంది. అది వెళ్ళినప్పుడే ఆ సంగతి జరిగినట్లు లెక్క. ఉత్తర్వు లేకపోతే పరీక్ష పాసైనవాడు కూడా కాగితం మీద పాసుకాని వాడే.

ఆ కవరులోని కాగితాల కథ ఇంతే. కుర్రవాడు సర్వీసు ఆరో సంవత్సరంలో ఉండగా పార్ట్ బి ఉత్తీర్ణుడయ్యాడు. ఫలితం వచ్చిన వారంలోనే అతనికి వేరొక యూనిట్‌కు బదిలీ అయింది. అధికారి వెళ్ళిపోయాడు కనుక కొత్త యూనిట్ ప్రచురిస్తుందని పాత యూనిట్ అనుకున్నది. ఫలితం పాత చోట ఉండగా వచ్చింది కనుక అక్కడే ప్రచురించి ఉంటారని కొత్త యూనిట్ అనుకున్నది. ఆరేళ్ళు నిండాయి. తనతో అకాడమీలో శిక్షణ పొందినవారందరూ మేజర్ హోదా ధరించారు. ఇతడు కెప్టెన్‌గానే ఉన్నాడు. నోటిమాటగా అడిగితే వస్తుందిలే అన్నారు. కుర్రవాడు మర్యాదస్తుడు, రెండోసారి అడగలేదు. చివరకు ఏదో తనిఖీలో లోపం బయటపడి ఉత్తర్వు ప్రచురించారు. పదోన్నతి వచ్చింది. కాని దాని తేదీ ఆరేళ్ళు నిండిన రోజు కాదు. పద్నాలుగు నెలల తరువాతి రోజు.

పద్నాలుగు నెలలే కదా అని ఈ సభలో ఎవరికైనా అనిపించవచ్చు. ఆ పద్నాలుగు నెలల జీతపు తేడా ఒకటి. అక్కడి నుండి ప్రతి ఏటా ఇంక్రిమెంటు తక్కువ మెట్టు మీద పడడం రెండవది. తనకంటే ఏడాది తరువాత కమిషన్ పొందినవాడు హోదాలో తనకంటే ముందుకు వెళ్ళడం మూడవది. సైన్యంలో ఇది సామాన్యమైన మాట కాదు, సెల్యూట్ ఎవరు ఎవరికి చేయాలన్నది దాని మీదనే ఉన్నది. ఇంకా పైకి వెళితే సంగతి మరింత కఠినం. సైన్యంలో విరమణ వయస్సు హోదాను బట్టి మారుతుంది. కల్నల్‌కు 54, బ్రిగేడియర్‌కు 56, మేజర్ జనరల్‌కు 58, లెఫ్టినెంట్ జనరల్‌కు 60. అంటే బ్రిగేడియర్ కావలసిన కల్నల్ ఫైలు 54వ పుట్టినరోజు దాటేదాకా కదలకపోతే, అతడు పోగొట్టుకునేది హోదా ఒక్కటే కాదు, రెండేళ్ళ ఉద్యోగం కూడా.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. స్నేహితుడి కొడుకు గురించి మాత్రమే కాదు. ఆ కాగితాలు చదువుతున్నప్పుడు మరొక మనిషి ముఖం కనిపించింది. ఇన్నేళ్ళుగా ఏ సభలోనూ చెప్పనిది ఇక్కడ చెబుతాము.

మా కార్యాలయంలో ఒక జూనియర్ అసిస్టెంటు ఉండేవారు. పదోన్నతికి కావలసిన శాఖాపరీక్ష పాసై, ఫలితాల నకలు తెచ్చి మా బల్ల మీద పెట్టి, సర్వీసు రిజిస్టరులో ఎక్కించమని కోరారు. మన రాష్ట్ర సర్వీసు నిబంధనల్లో పదోన్నతుల ప్యానెల్ సంవత్సరం సెప్టెంబరు 1న మొదలై మరుసటి ఆగస్టు 31తో ముగుస్తుంది. అర్హతను సెప్టెంబరు 1 నాటికి చూస్తారు. ఆ ఆగస్టులో మా ఇంట్లో పెళ్ళి. సెలవు మీద వెళ్ళాము. తిరిగి వచ్చేసరికి ఆ కాగితం మరేదో ఫైలులో కలిసిపోయింది. రిజిస్టరులో ఎక్కలేదు, ప్యానెల్‌లో ఆయన పేరు రాలేదు. ఏడాది పైచిలుకు తన జూనియరు ముందుకు ఫైలు పట్టుకొని వెళ్ళి నిలబడ్డారు. “పోనీలెండి సార్, మీరు కావాలని చేస్తారా” అన్నారు మాతో.

కావాలని చేయలేదన్నది నిజమే. ఇది తప్పులో సగం మాత్రమే. మిగతా సగం ఇది. కాగితం దొరికిన రోజున, అర్హత ఫలానా నాటికే ఉన్నది, నమోదు మాత్రమే ఆలస్యమైనది, కనుక తేదీ సవరించవచ్చునని ఒక నోట్ పెట్టగలిగిన అధికారం ఆ కార్యాలయంలో మాకే ఉండేది. పెడితే, ఆలస్యం ఎవరిది అని పై అధికారి అడుగుతాడు. మేము పెట్టలేదు. ఆయన విరమించారు, తక్కువ పింఛనుతో. ఇప్పుడు ఆయన లేరు.

కార్యాలయపు ఆలస్యాన్ని సవరించడం ఎందుకింత కష్టమో మాకు పుస్తకాలు చదివి తెలియలేదు. నియమం లేక కాదు. సవరణను మొదలుపెట్టవలసిన కలం, తప్పు చేసిన కలం చాలాసార్లు ఒకటే కావడం వల్ల. అర్జీ రాసేవాడు ఈ సంగతి మనస్సులో పెట్టుకొని రాయాలి.

మరునాడు స్నేహితుడితో చెప్పాము. అర్జీ నీవు రాయకూడదు, నీ కొడుకే రాయాలి, తన పై అధికారి ద్వారా పంపాలి. సమాచార హక్కు చట్టం కింద కూడా అతడే అడగాలి, తండ్రి అడిగితే వ్యక్తిగత సమాచారమని నిరాకరించే వీలున్నది. అర్జీలో వివక్ష అన్న మాట ఉండకూడదు. నాలుగు తేదీలు ఉండాలి: పరీక్ష ఫలితం వచ్చిన తేదీ, బదిలీ తేదీ, ఆరేళ్ళు నిండిన తేదీ, ఉత్తర్వు ప్రచురించిన తేదీ. ప్రతి తేదీకి ఒక నకలు జతపరచాలి. అర్హత నిండిన నాటికి నేను ఉత్తీర్ణుడనై ఉన్నాను, నమోదులో జరిగిన ఆలస్యం నా వల్ల జరగలేదు, కనుక నా హోదాను ఆ తేదీ నుండి లెక్కించండి అని కోరాలి. అంతే.

స్నేహితుడికి కోపం వచ్చింది. “అయితే నీకు కూడా భయమేనా?” అన్నాడు. భయం కాదని చెప్పాము. ఎదుటివాడిని దోషిగా నిలబెడితే ముందు తనను కాపాడుకుంటాడు, ఫైలును కాదు. తప్పు దిద్దినా తన తల తెగదని అతనికి తెలియాలి. మా అనుభవం అదే చెబుతున్నది.

అయిదు నెలల తరువాత ఉత్తర్వు వచ్చింది. తేదీ దిద్దారు. పద్నాలుగు నెలలు వెనక్కి జరిపారు, సీనియారిటీ తిరిగి ఇచ్చారు. కాని చివరి పంక్తిలో, ఆ కాలానికి వేతన బకాయిలు చెల్లించబడవని ఉన్నది. అది కొంత మా పొరపాటే. అర్జీలో తేదీ అడిగాము, సీనియారిటీ అడిగాము, జీతం అడగడం మరిచాము. ముప్పైమూడేళ్ళ గుమాస్తాగిరీ చేసి కూడా మరిచాము.

పని చేయనిదే వేతనం లేదు అన్న సూత్రాన్ని ఇటువంటి చోట ముందుకు తెస్తారు. పై హోదాలో పని చేయలేదు కనుక పై హోదా జీతం ఇవ్వము అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని ఆ పని చేయనివ్వనిది ఎవరు? 1991లో జానకీరామన్ కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను సూటిగా తీసుకున్నది. అది సీల్డ్ కవర్ వ్యవహారం, అంటే విచారణ పేరిట పదోన్నతి సిఫారసును కవరులో మూసి ఉంచడం. నిర్దోషిగా తేలినవాడికి ఆనాటి తేదీ నుండే పదోన్నతి లెక్కించాలని, పని చేయడానికి సిద్ధంగా ఉన్న ఉద్యోగిని అతని తప్పు లేకుండా అధికారులే దూరంగా ఉంచినప్పుడు ఆ సూత్రం మామూలుగా వర్తించదని కోర్టు చెప్పింది. అయితే బకాయిలు ఎంతవరకు ఇవ్వాలన్నది ఆయా పరిస్థితులను బట్టి నిర్ణయించే వీలును అధికారులకు వదిలింది. ఆ వీలు చాటున ఎన్ని బకాయిలు ఆగిపోయాయో మాబోటి గుమాస్తాలకు తెలుసు.

2015లో సుప్రీంకోర్టుకే ఒక నాయబ్ సుబేదారు కేసు వచ్చింది. వెనుకటి తేదీ నుండి సీనియారిటీ ఇచ్చి, ఆ కాలపు జీతం మాత్రం ఇవ్వలేదు. పదోన్నతికి సకాలంలో పరిశీలించకపోవడం అధికారుల లోపమైనప్పుడు పని లేదు కనుక జీతం లేదనడం చెల్లదని న్యాయస్థానం అతని పక్షాన తీర్పు చెప్పింది. అతడు అధికారి కాదు, జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు. అయినా ఆ తర్కం అధికారికీ వర్తిస్తుంది. మేము రెండో అర్జీలో ఈ రెండు తీర్పులను పేర్కొన్నాము. మరో ఎనిమిది నెలలు పట్టింది. డబ్బు వచ్చింది.

ఆ వార్త చెప్పడానికి వచ్చిన స్నేహితుడు ఈసారి టీ తాగాడు. తాగి, “అయితే పేరు చూసి ఆపలేదంటావా?” అని అడిగాడు. ఈసారి కాదు అన్నాము. అతని ముఖంలో సంతోషంతో పాటు ఒక చిన్న నిరాశ కూడా కనిపించింది. మనకు అన్యాయం చేసినవాడు ఒక శత్రువు అయితే మనస్సుకు పట్టు దొరుకుతుంది. రెండు బల్లల మధ్య జారిపోయిన కాగితం అంటే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి?

పేరు చూసి ఆపడం ఎక్కడా జరగదని మేము చెబుతున్నట్లు దయచేసి అనుకోకండి. జరిగినప్పుడు దానిని పట్టుకోవడానికి కూడా తేదీలే కావాలని చెబుతున్నాము. సైన్యంలోని మహిళా అధికారుల పోరాటం చూడండి. 2020 ఫిబ్రవరిలో శాశ్వత కమిషన్ విషయంలో, 2021 మార్చిలో దాని అమలు విషయంలో సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పులిచ్చింది. ఆ తరువాత పదోన్నతుల వంతు వచ్చింది. తమకంటే జూనియర్లయిన పురుష అధికారులు ముందుకు వెళుతున్నారని వారు మళ్ళీ కోర్టుకు ఎక్కారు. 2023 జనవరిలో ప్రత్యేక ఎంపిక బోర్డు కూర్చొని 108 మందిని కల్నల్ హోదాకు ఎంపిక చేసింది. ఎంపిక కానివారు, తమ రహస్య నివేదికలను ఏ తేదీ వరకు లెక్కలోకి తీసుకున్నారని అడిగారు. ఆ కటాఫ్ పెట్టిన తీరు నిరంకుశమని అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు తప్పుపట్టి, వారి కోసం బోర్డును మళ్ళీ సమావేశపరచమన్నది. ఆ మహిళలు గెలిచింది ఆవేశంతో కాదు. పట్టికలు పక్కపక్కన పెట్టి, ఫలానా వారికి ఫలానా తేదీ, మాకు మాత్రం ఈ తేదీ అని చూపించి గెలిచారు. మన యువకులు ఈ తీర్పులను చదవాలి.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో ఒకప్పుడు సైనికుడి రికార్డులో తప్పు దిద్దాలంటే పార్లమెంటే ఆ ఒక్క మనిషి కోసం ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చేది. విసిగిపోయి 1946లో ఆ పనిని పౌరులతో కూడిన బోర్డులకు అప్పగించారు. 2023లో అక్కడ ఒకే ఒక్క సెనేటరు అభ్యంతరంతో నాలుగు వందలకు పైగా సీనియర్ అధికారుల పదోన్నతులు నెలల తరబడి ఆగి, డిసెంబరులో అధిక భాగం కదిలాయి. తప్పు చేసిన కలం కాక వేరొక కలం దిద్దాలన్న ఆలోచన ఆ బోర్డులలో ఉన్నది. మన దగ్గర ఆ స్థానం సాయుధ దళాల ట్రైబ్యునల్‌ది. 2007లో చట్టం వచ్చింది, 2009 ఆగస్టులో పని మొదలుపెట్టింది. న్యాయమూర్తి ఒకరు, విరమించిన సైనికాధికారి ఒకరు కలిసి కూర్చుంటారు. మన రెండు తెలుగు రాష్ట్రాలు చెన్నై బెంచి పరిధిలో ఉన్నాయి.

అక్కడికి వెళ్ళే ముందు ఇంటి మెట్లు ఎక్కి రావాలి. సైన్యంలో అన్యాయం జరిగిందనుకున్న అధికారికి 1950 నాటి ఆర్మీ చట్టం 27వ సెక్షను కేంద్ర ప్రభుత్వానికి ఫిర్యాదు చేసుకునే హక్కు ఇచ్చింది. ఆ ఫిర్యాదుపై తుది ఉత్తర్వు వచ్చిన నాటి నుండి ఆరు నెలల్లో ట్రైబ్యునల్‌కు వెళ్ళాలి. ఉత్తర్వే రాకపోతే ఆరు నెలలు వేచి, ఆ పై ఆరు నెలల్లోగా వెళ్ళాలి. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రైబ్యునల్‌కు ఉన్నది గాని, దాని మీద ఆశ పెట్టుకోకండి. అర్జీ మీద అర్జీ వేస్తూ పోతే గడువు పెరుగుతుందని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉన్నది. పెరగదు. చచ్చిన కోరికకు జవాబు వచ్చినంత మాత్రాన అది బతకదని 2008లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ గడువు సంగతి ఒక తల్లి వల్ల మాకు గట్టిగా తెలిసింది. భర్త సుబేదారుగా విరమించి మరణించాడు. పదోన్నతి తేదీ ఏడాది వెనుకపడిందని ఆయనకు తెలుసు. “సర్కారుతో మనకెందుకు” అని ఊరుకున్నాడు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు ఆమె ట్రంకు పెట్టెలోని కాగితాలు తెచ్చింది. సీనియారిటీ, పదోన్నతి వంటివి ఇతరుల స్థానాన్ని కదిలిస్తాయి కనుక ఏళ్ళు గడిచాక కోర్టులు వాటిని ముట్టుకోవు. జీతం, పింఛను లెక్క అలా కాదు. అవి తప్పుగా కట్టినంత కాలం ప్రతి నెలా తప్పు కొనసాగుతున్నట్లే. ఎవరి వాటా నుండి తీసి ఇచ్చేది లేదు కనుక ఆలస్యమైనా వినవచ్చు. అయితే బకాయిలు మాత్రం కోర్టుకు వెళ్ళిన నాటికి వెనుక మూడేళ్ళకే పరిమితం. ఇదీ 2008లో మరొక సైనికుడి కేసులో తేలినదే. ఆమెకు ఇది విడమరచి చెప్పాము. మూడేళ్ళవి వస్తే చాలు బాబూ అన్నది. ఆ అర్జీ ఇప్పుడు నడుస్తున్నది.

మాకు ఇచ్చిన సమయం అయిపోయినట్లు అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. సభ ముగిసిన తరువాత వెనుక తలుపు దగ్గరి బల్ల వద్ద మేము కూర్చుంటాము. సైన్యంలో గాని, పోలీసులో గాని, ఏ శాఖలో గాని మీకో మీ ఇంటివారికో తేదీ తేడా ఉన్నదనిపిస్తే కాగితాలు చూపించండి. నకళ్ళు మాత్రమే ఇవ్వండి. అసలు ప్రతులు మాకు కూడా ఇవ్వకండి. మా బల్ల మీద కాగితం ఒకసారి పోయిన సంగతి ఇప్పుడే చెప్పాము కదా.